ఒకరికొకరం ఏమీ కాము

కెనడాలోని సార్నియాలో చదివిన రెండేళ్లలో నా ఇంగ్లిష్ బాగుపడిందంటే అది కాలేజీ చలవ కాదు. ఒక ఆన్‌లైన్ కాసినోతో నెలల తరబడి పోట్లాడటం వల్ల బాగుపడింది. ఆ కాసినో నాది కాదు, రావాల్సిన డబ్బూ నాది కాదు. అయినా అన్యాయం అన్న మాట వినపడితే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. అడగకపోయినా మధ్యలో దూరిపోతాను.

ఆ డబ్బు అక్కది. సొంత అక్క కాదు. కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి, మా కన్నా రెండేళ్లు పెద్దది. ఒక పాత ఇంటి పై అంతస్తులో మేం నలుగురు తెలుగు ఆడపిల్లలం అద్దెకుండేవాళ్లం. పెద్దది కాబట్టి ఆమె అక్క. అందరికన్నా చిన్నది నరసరావుపేట పిల్ల, అందుకని దాన్ని చిన్నీ అనేవాళ్లం. నేనూ, నెల్లూరు అమ్మాయీ మధ్యవాళ్లం. విద్యార్థులు విమానాలు నిండిపోయేలా దిగుతున్న రోజులవి. క్లాసులో కళ్లు మూసుకుంటే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో కూర్చున్నామేమో అనిపించేది. ఒక్క కాఫీ షాపు ఉద్యోగానికి సగం క్లాసు రెజ్యూమేలు పట్టుకుని నిలబడేది. కారుంటే తప్ప ఎక్కడికీ కదల్లేని ఊరు. అక్కకి కారూ లేదు, ఉద్యోగమూ దొరకలేదు.

అందుకే ఇంట్లో కూర్చుని చేసే పని వెతుక్కుంది. అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. అక్క ఒక వెబ్‌సైట్ పెట్టి, ఫలానా కాసినోలో ఫలానా ఆట బాగుంటుందని పేజీలు పేజీలు రాసేది. ఆ పేజీలోని లింకు నొక్కి ఎవరైనా చేరి డబ్బు పోగొట్టుకుంటే, పోయినదాంట్లో మూడో వంతు కాసినో అక్కకి ఇస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒకరి నష్టం మీద బతకడం కాదా ఇది అన్నాను.

"నేనేమన్న ఆడమంటున్ననా? ఆడేటోళ్లు ఎట్లైనా ఆడతరు. నేను దారి చూపెడ్తున్న, అంతే," అంది అక్క.

బోణీ కోసం మా ముగ్గురినీ తన లింకు మీద చేరమంది. తలా ఇరవై డాలర్లు పెట్టాం. నా ఇరవై పప్పులో తాలింపు పెట్టేలోపే హరించుకుపోయాయి. ఆ యాప్ తీసేసి మళ్లీ దాని మొహం చూడలేదు. మిగతా ఇద్దరూ అంతేననుకున్నాను.

అక్క కంప్యూటర్లో ఆటగాళ్ల పేర్లు కనపడవు, వట్టి నంబర్లే. వాటిలో ఒక నంబరు చలికాలం మొదలయ్యాక జోరందుకుంది. వారం వారం వందలు తగలేస్తోంది. ఆ నంబరుకి నేనే పేరు పెట్టాను, లక్ష్మీపుత్రుడని. టొరంటో పక్క బ్రాంప్టన్లో నాలుగు లారీలున్న ఆసామి అయ్యుంటాడనీ, మెళ్లో వేలంత లావు గొలుసుంటుందనీ ఊహించుకున్నాం. "మన లక్ష్మీపుత్రుడు ఇవాళ ఎంత వదిలించుకున్నాడక్కా?" అని వంటింట్లో రోజూ అడిగేదాన్ని. అక్క చెప్పేది, అందరం పడీ పడీ నవ్వేవాళ్లం. చిన్నీ కూడా నవ్వేది.

ఆ టర్మ్ ఫీజులో తక్కువ పడిన మొత్తాన్ని ఈ కమిషన్‌తో కట్టేద్దామని అక్క ధీమా. గడువులోగా కట్టకపోతే కాలేజీలో పేరు తీసేస్తారు. పేరు పోతే స్టడీ పర్మిట్‌కే ఎసరు. సరిగ్గా అప్పుడే కాసినో చెయ్యి బిగించింది. మీ ఆటగాళ్లలో ముగ్గురు మీ ఇంటి చిరునామా నుంచే చేరారు, ఒకే ఇంటర్నెట్ వాడారు, సొంత కుటుంబ సభ్యుల ఆట మీద కమిషన్ ఉండదు, అసలు వీళ్లు నిజం మనుషులో కాదో తేలేదాకా మొత్తం ఆపేస్తున్నాం అని మెయిల్ పంపింది.

నాకు తిక్క రేగింది. ముష్టి అరవై డాలర్లు సాకుగా చూపించి లక్ష్మీపుత్రుడి సొమ్మంతా మింగేస్తారా! అక్కని పక్కకి జరిపి నేను కూర్చున్నాను. కాసినో తరఫున రాసేవాడు అఫిలియేట్ మేనేజరు. ప్రతి మెయిలూ 'డియర్' అని మొదలుపెట్టి, మీరు కులాసా అని తలుస్తాను అని రాసేవాడు. ఆ కులాసా చదివినప్పుడల్లా పళ్లు కొరికేదాన్ని. నేను ఒకటి రాస్తే వాడు ఒక నిబంధన అంటించి పంపేవాడు. ఆఖరికి వాడి 'హౌస్‌హోల్డ్' అన్న మాట పట్టుకున్నాను. హౌస్‌హోల్డ్ అంటే కుటుంబం. మేం కుటుంబం కాదు. ఎవరి అద్దె వాళ్లం కడతాం, ఎవరి తిండి వాళ్లం తింటాం, ఒకరికొకరం ఏమీ కాము. ఇలా రాసి, ఆ ముక్క బాగా కుదిరిందని వంటింట్లో అందరికీ చదివి వినిపించాను.

"గట్టిగనే రాసినవే," అని అక్క మురిసిపోయింది.

గిన్నెలు కడుగుతున్న చిన్నీ ఇటు తిరిగింది. "ఏమీ కామా అక్కా?" అంది నాతో.

"కాసినోవాడి కోసంలేవే," అన్నాను.

ఆ మెయిల్ పని చేసింది. ముగ్గురూ పాస్‌పోర్టులతో వీడియో కాల్‌లో కనపడండి, తేల్చేస్తాం అన్నాడు మేనేజరు. ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కొక్కరినీ మూడే ప్రశ్నలు అడిగాడు. అకౌంటు మీదేనా? డబ్బు మీదేనా? ఇప్పటిదాకా సుమారు ఎంత వేశారు? నేను ఇరవై అన్నాను. నెల్లూరు అమ్మాయీ ఇరవై అంది. చిన్నీ వంతు వచ్చింది. అది నోట్లోనే ఏదో గొణిగింది. మళ్లీ చెప్పమన్నాడు.

"ఫోర్ థౌజండ్," అంది చిన్నీ. "లిటిల్ మోర్."

థాంక్యూ, మా రికార్డుతో సరిపోయింది, అన్నాడు మేనేజరు. అందరూ నిజం మనుషులేనని తేలింది కాబట్టి ఈ వారంలోనే డబ్బు పంపేస్తానని చెప్పి, అభినందనలు కూడా తెలిపి వెళ్లిపోయాడు.

అక్క లాప్‌టాప్ మూసింది. "ఆ నంబరు నువ్వానే?" అంది.

"మొదట పెట్టిన ఇరవైకి అరవై వచ్చినయ్యక్కా. అక్కడ ఆపలేకపోయా," అంది చిన్నీ. "పోయినయ్యి వెనక్కొచ్చేదాకా ఆడదాంలే అనుకున్నా. మీరంతా రోజూ నవ్వుతా ఉంటే ఎట్టా చెప్పమంటారు?"

అది హోటల్లో గదులు తుడిచేది. పరుపులెత్తి దుప్పట్లు మార్చీ మార్చీ సంపాదించిన డబ్బది. నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అక్కనీ తిట్టాను. లక్ష్మీపుత్రుడని పేరు పెట్టింది నేనేనని గుర్తొచ్చాక సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లూ నేను పోరాడింది దాని కష్టార్జితంలో వాటా కోసమా?

మాట ప్రకారం డబ్బు వచ్చింది. అక్క అందులో ఒక్క డాలరు ఉంచుకోలేదు, మొత్తం చిన్నీ అకౌంటుకి పంపేసింది. వద్దక్కా, ఫీజు కట్టుకో అని చిన్నీ ఏడ్చింది.

"నీ పైసలే ఇవి. నా ఫీజు సంగతి నేను చూస్కుంట," అంది అక్క. కాలేజీ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, జరిమానాతో కొన్ని వారాల గడువు తెచ్చుకుంది. వెబ్‌సైట్లో పేజీలన్నీ పీకేసింది. చిన్నీ వాళ్లమ్మ మీద ఒట్టేసి, మా కళ్ల ముందే యాప్ తీసేసింది. ఆ రోజు పప్పుచారు పెట్టుకుని నలుగురం ఒకే బల్ల దగ్గర తిన్నాం. అక్క ఫీజు గండం అలాగే ఉంది, అయినా నా మనసు తేలికపడింది. ఇంత మంచివాళ్లమా మేము అని కాస్త గర్వపడ్డాను కూడా.

మరుసటి నెల మొదట్లో, పొద్దున్నే చిన్నీ డ్యూటీకి వెళ్లాక, అక్క నా గదిలోకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. కాసినో నుంచి కమిషన్ వచ్చింది, అదే నంబరు మీద. పెద్ద మొత్తమేమీ కాదు. అక్క చిన్నీకి ఇచ్చినదాంట్లో మూడో వంతు. నేను లెక్క వేసుకుని తలెత్తేసరికి, అక్క గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

ఈసారి మేనేజరు పాస్‌పోర్టులు అడగలేదు, కాల్‌కి రమ్మనలేదు. ఆ ఆటగాడు నిజం మనిషేనని, ఆ వాటా అక్కకే చెందుతుందని వాళ్లకి ఇక ఏ అనుమానమూ లేదు. రుజువు చేసింది నేనే కదా.