ఈశాన్యం మూల పీత

అశోక్‌నగర్‌లో వెంకటరామయ్య గారిని ఎరగనివాళ్లు లేరు. ఆయనకంటూ ఒక అభిప్రాయం ఉందని ఎరిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు చేశారు. చొక్కా రంగు దగ్గర్నుంచి సాయంత్రం కూర దాకా అన్నీ భార్య కమలాకుమారే ఖాయం చేసేది, ఈయన సరేననేవారు. అంతటి మనిషి రిటైరయ్యాక పీతను పెంచుతానన్నారంటే చూడండి మరి! అదీ మామూలు పీత కాదు, ఖాళీ శంఖంలో దూరి, ఇంటిని వీపున మోసుకు తిరిగే సన్యాసి పీత.

నారాయణగూడలో పెంపుడు చేపలమ్మే దుకాణం చుట్టూ నెల్లాళ్లు తిరిగారు. నా పెళ్లిచూపులకైనా ఇంత శ్రద్ధ పెట్టారా అని కమలాకుమారి దెప్పింది. రంగులేసిన శంఖాల్లో ఉన్నవి వద్దన్నారు, ఆ పెయింటు పీతకు పడదట. ఎర్రదాని మీద మనసు పారేసుకున్నారు గానీ, దుకాణం యజమాని ఉమాకాంత్ ఆపాడు.

“ఎర్రది చూడనీకి మస్తుంటది సార్, కానీ జర నాజూకు. ఈ గోధుమరంగుది మొండిది. మొదటిసారి పెంచేటోళ్లకు ఇదే మంచిది.”

గోధుమరంగుదే ఇంటికొచ్చింది. హాల్లో ఈశాన్యం మూల గాజుతొట్టి, అందులో జానెడు లోతు తడి ఇసుక, ఇల్లు మారాలనిపిస్తే నాలుగు ఖాళీ శంఖాలు, ఒక గిన్నెలో మంచినీళ్లు, ఇంకో గిన్నెలో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు. మనకు నల్లా రోజు విడిచి రోజు, దీనికి రెండు రకాల నీళ్లా అని ఆవిడ సణిగింది. గాలిలో చెమ్మ లేకపోతే దానికి ఊపిరాడదని ఈయన పూటపూటా నీళ్లు చిలకరిస్తూ కూర్చునేవారు.

రెండు నెలలకు పీత ఇసుకలో దూరి మాయమైంది. పది రోజులు, ఇరవై, ముప్పై. పాత పెంకు విడుస్తోంది, ఇప్పుడు కదిపితే చస్తుందని ఆయన. ఎప్పుడో చచ్చిందని ఆవిడ. ఇంతలో సత్యనారాయణ వ్రతం వచ్చిపడింది. ఏటా మండపం పెట్టేది ఆ మూలే. చచ్చినదాని పక్కన వ్రతమేంటి, తవ్వి అవతల పారేయమంది. తొట్టి జరిపినా లోపలి గుంత కూలుతుందని ఆయన అడ్డంగా నిలబడ్డారు.

“నలభయ్యేళ్లుగా నువ్వేదంటే అదే అన్నాను, కమలా. దీన్నొక్కదాన్నే నేనుగా ఎంచుకున్నాను. ముట్టుకోకు.”

ఆవిడ వంటింట్లోకి పోయింది. వ్రతానికి ఇంకా రెండు రోజులుంది.

వ్రతం పొద్దున ఆయన స్నానం చేసి, భయపడుతూనే హాల్లోకి వచ్చారు. తొట్టి ఉన్నచోటే ఉంది. మండపం జాడ లేదు. అరటి పిలకలూ, పీటలూ, కలశం చెంబూ పైవాటాలో అద్దెకుంటున్న మాధురి వాళ్లింటికి ఎక్కుతున్నాయి. ఏటా కిందే కదమ్మా, ఈసారి పైకెందుకని గుమ్మంలో పురోహితుడు అడుగుతున్నాడు.

“స్వామి ఎక్కడికైనా వస్తాడండీ,” అంది కమలాకుమారి, గొంతు తగ్గించి. “దానికి కదలడం కుదరదు.”