గడ్డి కూరిన దూడ

మా అత్తమ్మ ప్రార్థనలో పశువులకు కూడా చోటుండేది. పొద్దున్నే పొయ్యి రాజేసే ముందు వాకిట్లో నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, ఇంట్లో మనుషుల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఆ తర్వాత కోళ్ళను, మేకలను, కొట్టంలో ఎడ్లను, బర్రెలను దేవుడి చేతికి అప్పగించేది. నల్లగండ్లకు కోడలిగా వచ్చిన కొత్తలో అది విని లోలోపల నవ్వుకున్నాను. మా నాన్న మెదక్ దిక్కు మిషన్ బడిలో పంతులు. మా ఇంట్లో ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. అందులో కోళ్ళ ఊసు ఎప్పుడూ రాలేదు.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. చెరువు, చెరువు కింద కాస్త వరి, తక్కినదంతా బండరాళ్ళు, రాళ్ళ సందుల్లో సీతాఫలం పొదలు. ఊరంటే అంతే. మా ఆయన తెల్లవారకముందే పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుని లింగంపల్లి స్టేషనుకు పోయి, రైలెక్కి, పట్నంలో ఇంటింటికీ పోసి, ఎండ ముదిరాక తిరిగొచ్చేవాడు. మా ఆయన చిన్నప్పుడే మామ పోతే, అత్తమ్మ బర్రెలనే నమ్ముకుని కొడుకును పెంచింది. అందుకే కాబోలు, వాటిని ప్రార్థనలో మరిచేది కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ కూడికను ఆమే నడిపేది. చదువు అంతంతమాత్రమే, కానీ సృష్టి సంగతి చెప్పడం మొదలుపెడితే చంకల్లో పిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్ళు.

“మనిషిని చేసిన దినమే పశువును గూడ చేసిండు దేవుడు. ఒక్కదినం పుట్టినోళ్ళం. గది మరువకుండ్రి,” అనేది. “విశ్రాంతి దినం మనకే ఇయ్యలే, ఎద్దుకు గూడ ఇచ్చిండు. ఎందుకిచ్చిండు? దానికి గూడ పెయ్యి నొస్తది గనక.”

ఆమె మాట వట్టి మాట కాదు. ఆదివారం మా ఇంటి ఎడ్లను ఎవరు అడిగినా బదులిచ్చేది కాదు. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగినది రాతిగుండె ఉన్న ఇంట్లో జరగలేదు. దేవుణ్ణి ప్రేమించే ఇంట్లో, పశువును గౌరవించాలని ఊరికి చెప్పే ఇంట్లో జరిగింది.

ఆ ఏడు వానలు పడలేదు. చెరువు అడుగు పగిలింది. మేతకోసం మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి ఎండు వరిగడ్డి తెచ్చేవాడు. అలాంటి కాలంలో వంకర కొమ్ముల బర్రె ఈనింది. మగదూడ. అప్పటికి నా ఒళ్ళో నాలుగు నెలల ఆడపిల్ల.

జున్ను అయిపోయిన నాటి నుంచే దూడకు కరువు మొదలైంది. పాలు పిండేముందు దాన్ని వదిలేవాళ్ళు. అది పోయి పొదుగు కుమ్మగానే తల్లి చేపేది. పాలు చన్నుల్లోకి దిగీ దిగగానే దూడ మెడ పట్టి లాగి గుంజకు కట్టేసేవాళ్ళు. పిండడం అయ్యాక మళ్ళీ వదిలితే వట్టి పొదుగు చీకేది. ఆడదూడ అయితే రేపు బర్రె అవుతుందని నాలుగు గుక్కలు వదిలేవాళ్ళేమో.

“మగది. తాగి ఏం జేస్తది?” అన్నాడు మా ఆయన.

అత్తమ్మ ఔనని అనలేదు, కాదని అనలేదు. “మేత లేని ఏడు. బర్రె బతికితే చాలు,” అని లోపలికి వెళ్ళింది.

నేను వంట అయ్యాక గంజి తీసుకెళ్ళి పోసేదాన్ని. దూడ మూతి ముంచేది కానీ అది దానికి పట్టేది కాదు. కొన్నాళ్ళకు మట్టి నాకడం మొదలుపెట్టింది. పక్కటెముకలు బయటపడ్డాయి. ఒక శనివారం, రేపు చర్చికి కట్టుకునే చీరలను అత్తమ్మ ఉతికి ఆరేస్తుండగా, కొట్టంలో కాళ్ళు చాపి పడుకున్న దూడ ఇక లేవలేదు.

దూడ లేకపోతే వంకర కొమ్ముల బర్రె చేపదు. ఆ సాయంత్రం మా ఆయన ఎంత బతిమాలినా, పొదుగు మీద నీళ్ళు చల్లినా, తౌడు పెట్టినా చుక్క దిగలేదు. బర్రె గుంజ చుట్టూ తిరుగుతూ అరిచింది. అప్పుడు అత్తమ్మ వీధి చివర ఉన్న పెద్దమామను పిలుచుకొచ్చింది. ఆయన మా మామకు అన్న.

తోలుపని మా ఇళ్ళల్లో తాతల నాటిది. క్రీస్తు వాక్యంలోకి వచ్చాక, పిల్లలు బళ్ళకు పోయాక, ఆ పని మానేశామని మా వాళ్ళు చెప్పుకునేవారు. పెద్దమామ చేతులు మాత్రం మరిచిపోలేదు. కత్తి నూరుకుంటూ ఆయన నవ్వాడు.

“ఏందమ్మా, తోలు ముట్టొద్దంటివి గద?”

“జర పని గానియ్యి బావా,” అంది అత్తమ్మ, ఆయన ముఖం చూడకుండా.

కొట్టం వెనక ఆయన దూడ తోలు తీసి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టాడు. కాళ్ళకు కర్రలు పెట్టాడు. ఇలాంటిది నేను చూడడం అదే మొదలు. చుట్టుపక్కల పాలవాళ్ళ ఇళ్ళలో అది మామూలేనట. నాకు తప్ప ఎవరికీ వింతగా లేదు. కొత్త కోడల్ని, ఆయన అడిగినప్పుడల్లా గడ్డి అందించాను.

దాన్ని పట్టుకునే పని నాకు పడింది. మా ఆయన పొదుగు దగ్గర కూర్చున్నాడు. నేను బర్రె మూతి ముందు ఆ గడ్డిదూడను నిలబెట్టి పట్టుకున్నాను. బర్రె మొదట ముక్కుపుటాలు విప్పి వాసన చూసింది. వెనక్కి జరిగింది. మళ్ళీ వచ్చి వాసన చూసింది. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు తీసి, వీపు మీద నాకడం మొదలుపెట్టింది. మెడ నాకింది, చెవులు నాకింది. కుట్టేసిన కళ్ళను నాకింది.

“చేపింది! కదిలియ్యకు, గట్టిగ పట్టుకో,” అన్నాడు మా ఆయన. బకెట్లో పాలధార చప్పుడు మొదలైంది.

అదే నిమిషాన నా రవిక తడిసింది. ఇంట్లో బిడ్డ ఏడవలేదు, పాలవేళ కూడా కాదు. ఆ మూలుగు వినగానే నా ఒంట్లో పాలు వాటంతటవే దిగాయి. పైట సర్దుకుందామంటే రెండు చేతులూ దూడను పట్టుకుని ఉన్నాయి. ఆ సిగ్గు ఇప్పటికీ నా ఒంటికి గుర్తుంది. మొగుడి ముందు రవిక తడిసిందని కాదు. ఆ బర్రె ఎందుకు చేపిందో ఆ కొట్టంలో నా ఒంటికి బాగా తెలుసు. తెలిసీ పట్టుకున్నాను. మర్నాడూ పట్టుకున్నాను. ఆ తర్వాత అది రోజువారీ పని అయిపోయింది. చీపురు పట్టినట్టే గడ్డిదూడనూ పట్టేదాన్ని.

పట్నానికి పాలు పోతూనే ఉన్నాయి. అత్తమ్మ పొద్దుటి ప్రార్థనలో బర్రెలు ఉంటూనే ఉన్నాయి.

మా ఆయనకు చలిజ్వరం వచ్చిన రోజున పిండడానికి అత్తమ్మ కూర్చుంది. అప్పటికి నాకి నాకి గడ్డిదూడ వీపు మీద వెంట్రుక పోయింది. పొట్ట దగ్గర కుట్టు పిగిలింది. బర్రె నాకుతూ నాకుతూ అక్కడికి వచ్చింది. నాలుకకు గడ్డిపోచ తగిలింది. లాగింది. నమిలింది. ఇంకో పోచ లాగింది. కరువు ఏడు, దాని కడుపు కూడా మాడుతూనే ఉంది. కాసేపు బిడ్డను నాకడం, కాసేపు బిడ్డ కడుపులో గడ్డి తినడం. నేను చూస్తూ నిలబడ్డాను.

పాలధార తగ్గడంతో అత్తమ్మ తల పక్కకు వంచింది.

“ఏం నములుతుందది?”

“గడ్డి, అత్తమ్మా.”

“మేత ఎయ్యలే గద. ఏడికెల్లి వచ్చింది గడ్డి?”

నేను గడ్డిదూడ పిగిలిన పొట్ట వైపు చూశాను. ఆమె లేచి, బర్రె ముందుకు వచ్చి చూసింది. ఆ తర్వాత బకెట్టు అక్కడే వదిలేసి కొట్టం బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు. జ్వరంతో పడుకున్న మా ఆయన, “అమ్మకేమైంది?” అని అడిగితే, ఒంట్లో బాగాలేదట అని చెప్పాను.

ఆ ఆదివారం మా చర్చిలో కృతజ్ఞత కూడిక. నెలకోసారి వచ్చే పాస్టరు అయ్యగారు కూడా ఉన్నారు. పంటలేని ఏడు కాబట్టి ముందు బల్లమీద పెద్దగా ఏమీ లేవు. కాసిని జొన్నలు, కోడిగుడ్లు, మా ఇంటి నుంచి చిన్న ముంతలో నెయ్యి. ఆడవాళ్ళ తరఫున ప్రార్థన చేయమని అయ్యగారు అత్తమ్మను పిలిచారు. ఆమె లేచింది. మనుషుల కోసం స్తుతి చెల్లించింది. దక్కిన గింజ కోసం చెల్లించింది. పశువుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. ఎంతకీ మాట రాకపోయేసరికి ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

“నేను ఒక తల్లిని మోసం జేసిన,” అంది అత్తమ్మ. “పాలు గుంజుకుని దాని బిడ్డను సంపిన. సంపి, తోలు జూపిచ్చి మళ్ళ పాలు గుంజుకున్న. గా నెయ్యి గా పాలదే. తీసెయ్యుండ్రి.”

వెనక ఒకావిడ నవ్వు ఆపుకుంటూ, “అందరిండ్లల్ల జేసేదే గద వదినె. గింతదానికి పరేషానెందుకు?” అంది.

అయ్యగారు మంచివారు. మెల్లగా సర్దిచెప్పబోయారు. “కూర్చో అమ్మా. పశువుల మీద దేవుడు మనిషికి అధికారమిచ్చాడు. వాటిని మన చేతికి అప్పగించాడు. నువ్వు అంత బాధపడవద్దు.”

“అప్పజెప్పిండు అయ్యగారూ, నేను కాదంటలేను,” అంది ఆమె. “అప్పజెప్పినోడు మళ్ళ వచ్చి చూసుకోడా, ఎట్ల జూసుకున్నవని అడగడా?”

నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని బిడ్డకు పాలిస్తున్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. అయినా చూసినట్టే అనిపించి తల దించుకున్నాను. ఆమె తన పేరు చెప్పుకుంది. నా పేరు చెప్పలేదు. దూడను పట్టుకున్నది నా కోడలు అని ఒక్కమాట అంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఇంటికి రాగానే అత్తమ్మ గడ్డిదూడను భుజాన వేసుకుని రాళ్ళ వైపు వెళ్ళింది. పార తీసుకుని వెనకే వెళ్ళాను. కరువు నేల, పార దిగలేదు. ఇద్దరం మార్చి మార్చి తవ్వాం. ఒకే ఒక మాట అడిగింది.

“నీకు ముందే తెలుసా, గడ్డి తింటుందని?”

“అంతకు రెండు మూడు దినాల ముందు నుంచే చూస్తున్న అత్తమ్మా.”

ఆమె నన్ను తిట్టలేదు. పార నా చేతిలోంచి తీసుకుని మట్టి ఎగదోసింది.

జ్వరం తగ్గిన మా ఆయన కొట్టంలోకి వెళ్ళి, గడ్డిదూడ లేదని చూసి బయటికి వచ్చాడు.

“పట్నంల ఇండ్లోళ్ళకు ఏమని జెప్పాలె?”

“మా అమ్మ ఇన్ని దినాలు మోసం జేసిందని జెప్పు.”

“ప్రార్థనలతోని కడుపు నిండుతదా? ఊరంత చేస్తుండ్రు. నీకొక్కదానికే వచ్చిందా పాపభీతి?”

బర్రె రెండు రోజులు గుంజ చుట్టూ తిరిగి అరిచి, పూర్తిగా వట్టిపోయింది. మిగిలిన బర్రె పాలు ఎటూ చాలలేదు. మా ఆయన ఆ ఎండాకాలమంతా నానక్‌రామ్‌గూడ దగ్గర బండలు కొట్టే పనికి పోయాడు. చేతులు బొబ్బలెక్కి వచ్చి, తల్లి వడ్డించిన అన్నం మాట్లాడకుండా తినేవాడు. ఆ చేతులు చూసినప్పుడల్లా, ఇంత చేయాలా ఈమె, దేవుడికి లోపల చెప్పుకుంటే సరిపోయేది కదా అని నేనూ మనసులో గొణుక్కున్నాను. ఇంట్లో చెప్పుకోవాల్సిన సంగతిని సంఘం ముందు పెట్టిందన్న కోపం. నాకూ అందులో పాలుందన్నది మరిచిపోవడానికి ఆ కోపం బాగా పనికొచ్చింది.

ఆ సంవత్సరం ఆమె ఆడవాళ్ళ కూడికను నడపలేదు. అడిగితే, “వేరేటోళ్ళు చెప్పుండ్రి, నేను వింట,” అని వెనక వరసలో కూర్చునేది. పొద్దుటి ప్రార్థన మానలేదు. కానీ పశువుల వంతు వచ్చినప్పుడు గొంతు వినపడేది కాదు. పెదవులు మాత్రం కదిలేవి.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. వంకర కొమ్ముల బర్రె చూడి కట్టి, ఓ మధ్యాహ్నం మళ్ళీ ఈనింది. మళ్ళీ మగదూడే. మా ఆయన ముఖం చిన్నబోయింది. అత్తమ్మ దూడ ఒళ్ళు గడ్డితో తుడిచి, వణికే కాళ్ళ మీద నిలబెట్టి, చన్ను నోటికి అందించింది. పాలు పిండే రోజులు వచ్చాక కూడా ముందు దూడనే వదిలింది. మా ఆయన బకెట్టు పట్టుకుని ఎదురుచూశాడు.

“ఇంకెంతసేపు?”

“కడుపు నిండేదాంక.”

“ఇగ మనకేం మిగుల్తయి?”

“దేవుడు పొదుగుల పాలు పెట్టింది దీనికోసం. మిగిలినయే మనయి.”

ఆయన విసుగ్గా బకెట్టు కింద పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. పాలు నిజంగానే తక్కువయ్యాయి. మునుపటన్ని ఇళ్ళకు మళ్ళీ ఎప్పుడూ పోయలేకపోయాం. ఆ దూడ మాత్రం పెరిగి పెద్దదై, మా వరిమడిలో నాగలి లాగింది.

ఒకరోజు కొట్టం ఊడుస్తూ ధైర్యం చేసి అడిగాను. “అత్తమ్మా, దేవుడు క్షమించి ఉంటడా మనల?”

మనల అన్నాను. అప్పటికి ఆ మాట అనగలిగాను.

ఆమె కుడితి కలుపుతున్నది ఆపి నా వైపు చూసింది. “దేవుడు క్షమిస్తడు బిడ్డా. గాయన గుణమే గది. గీ బర్రెకు క్షమించుడు తెల్వది, కోపం బెట్టుకునుడు తెల్వది. నేను రాంగనే మొఖం నా దిక్కు తిప్పుతది సూడు, ఏం జరగనట్టే. గప్పుడే నాకు మస్తు సిగ్గయితది.”

కుడితి తొట్టి బర్రె ముందు పెట్టి, అది తాగడం మొదలుపెట్టేదాకా ఆమె తల ఎత్తలేదు. నేను పేడ తట్ట ఎత్తుకుని బయటికి వచ్చేశాను. దాని ముఖం వైపు నేనూ చూడలేకపోయాను.