ఉతకని చీర

అమ్మను మదనపల్లె ఆసుపత్రి నుంచి కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోతున్న అంబులెన్సును పుంగనూరు బస్టాండు దగ్గర ఆపించి ఎక్కాను. నా మెట్టినూరు అదే. లోపల నాయన అమ్మ కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కళ్లు తెరిచి చూసింది గానీ నన్ను గుర్తుపట్టలేదు. తంబళ్లపల్లె దగ్గర మా ఊళ్లో, మొన్నమొన్నటి దాకా చేని గట్టున ఆవుకు గడ్డి కోసుకొచ్చిన మనిషి. జ్వరమొస్తే మాత్రలు మింగి, ఊపిరాడక కూలబడే దాకా ఎవరికీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం మా అమ్మకు నామర్దా.

కుప్పం ఐసీయూలో గొంతులోకి గొట్టం వేసి ఊపిరి మిషన్‌కు తగిలించారు. ఒక డాక్టరమ్మ అమ్మ ఒళ్లంతా వెతికి, నడుము దగ్గర లంగా బొందు ఒరుసుకునే చోట చిన్న నల్లటి పక్కు చూపించింది.

"గడ్డిలో ఉండే పురుగు కుట్టిన చోటమ్మా ఇది. అది కంటికి కూడా ఆనదు. దానివల్ల వచ్చిన ఇన్‌ఫెక్షనే ఊపిరితిత్తుల దాకా పాకింది. మందు మొదలుపెట్టాం. ఆలస్యమైంది కాబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేను" అంది.

ఆ పక్కు వైపే చూస్తూ నిలబడిపోయాను. కొడవలి తగిలి వేలు తెగితే ఇంత పసుపు అద్దుకుని మళ్లీ కోతకు వంగే మనిషిని కంటికి ఆనని పురుగు పడగొట్టింది. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యమే.

నాయన ఒక పూట కూర్చుని లేచాడు. "ఆవుండాది గదమ్మా. మీయమ్మకు తప్ప ఎవురికీ పాలు చేపదు. చెయ్యేస్తే తంతాది. పొదుగు గట్టిపడిపోతాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అమ్మ ఈడ ఇట్లుంటే నీకు ఆవు కావాల్సొచ్చిందా? దాని గడ్డికి పోయే గదా ఈ గతి పట్టింది!"

అయినా ఆయన బస్సెక్కాడు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఐసీయూలోకి ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు పంపేవాళ్లు. మిషన్ బుస్సుమన్నప్పుడల్లా అమ్మ రొమ్ము లేచేది. ఒకరోజు నర్సు తెర మీద ఒక గీతను చూపించి, "ఈ రంగు గీత మిషన్ ఇచ్చిన ఊపిరి కాదు. మీ అమ్మ తనంతట తాను తీసుకున్నది" అంది. గీత పోయింది. ఇంకొకటి వచ్చింది. చిన్నప్పుడంతా ఆ ఊపిరి పక్కనే పడుకున్నాను, ఒక్కనాడూ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు రెప్ప వేయడానికి కూడా మనసొప్పలేదు.

ఆ రోజే అమ్మ చెల్లెలు, మా పక్కింటి చిన్నమ్మ, ఫోన్ చేసింది. "నీకొక ఫోటో పంపించినా, సూడు. ఎవురికీ చెప్పొద్దని మీ నాయన ఒట్టేయించుకున్నాడు. ఆవు ఎవుర్నీ దగ్గరికి రానీలేదు. మాయక్క విడిచిన చీర ఉతకాలని నేను నానబెట్టబోతాంటే లాక్కున్నాడు. వాసన పోతే ఆవు గుర్తుపట్టదంట."

ఫోటోలో నాయన. నెరిసిన మీసాలు, ఒంటికి అమ్మ చీర, తల మీద దాని కొంగు. పొదుగు కింద గొంతుక్కూర్చుని పాలు పిండుతున్నాడు. ఆవు మెడ తిప్పి కొంగును మూచూస్తోంది. ఊళ్లో ఎవరైనా వేళాకోళం చేస్తే కర్ర తీసే మనిషి ఆయన. నాకు నవ్వు రాలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఆవు మీద కోపం కూడా అక్కడే పోయింది.

మర్నాడు అమ్మకు తెలివొచ్చింది. నోట్లో గొట్టం, మాట రాదు. నన్ను చూడగానే కుడిచేయి కాస్త పైకెత్తి, బొటనవేలూ వేళ్లూ కలిపి కిందికి లాగింది. మళ్లీ లాగింది.

"ఏం కావాలంట?" అంది నర్సు.

"ఆవుకు పాలెవరు పిండుతున్నారని అడుగుతోంది" అన్నాను. చావు గుమ్మం దాకా పోయొచ్చిన మనిషి మొదటి ప్రశ్న అది! నర్సును బతిమాలి, ఫోన్ అమ్మ కళ్ల ముందు పెట్టాను.

అమ్మ చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి భుజాలు అదిరాయి, రొమ్ము ఎగిసింది, కళ్ల కొసల నుంచి నీళ్లు కారాయి. మిషన్ గట్టిగా కూత పెట్టింది. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది?"

"నవ్వుతోందమ్మా" అన్నాను.

ఆమె తెర చూసి, స్టెత్ పెట్టి విని, "నవ్వేంత సత్తువ వచ్చిందంటే రేపు గొట్టం తీసి చూద్దాం" అంది.

బయటికొచ్చి నాయనకు ఫోన్ చేశాను. ఫోటో సంగతి దాచలేదు. చిన్నమ్మకు తిట్లు తప్పవనుకున్నాను.

"నవ్వినిందా?" అన్నాడు.

"నవ్వినింది నాయనా. మిషన్ మొత్తుకునేట్టు నవ్వినింది."

ఫోన్‌లో ఆవు మెడలో గంట మోగింది. నాయన అన్నాడు. "అట్లయితే మాపటికి మళ్లా కట్టుకుంటా. మీ చిన్నమ్మను ఇంగా బాగా తీయమంటా. మీయమ్మకు సూపీమ్మా."