తాతగారి ఓడది ఏ తరగతి

మా ఆయన ఉద్యోగం పొగగొట్టాలు లెక్కపెట్టడం. రేవు పక్కనున్న మ్యూజియంలో, కిటికీ సరిగా మూసుకోని ఒక గదిలో కూర్చుని, పేరూ ఊరూ లేని పాత ఫోటోల్లో ఉన్నది ఏ యుద్ధనౌకో తేల్చి చెబుతారు. అదీ ఉక్కుతో కట్టడం మొదలైన తొలిరోజుల ఓడలే. తర్వాతివాటిని ఆయన లెక్కలోకే తీసుకోరు. ఒకే నమూనాతో కట్టినవన్నీ ఒక తరగతి. గొట్టాలు పక్కపక్కన ఉంటే ఒక తరగతి, ఒకదాని వెనక ఒకటి ఉంటే ఇంకోటి. ఒకే తరగతిలోని అక్కచెల్లెళ్లలాంటి ఓడలను, పక్కన పడవలు వేలాడే తీరును బట్టి పోల్చుకోవాలట. మా చెల్లెలిని మాత్రం వీధిలో చూసి, నేననుకుని కూరగాయల సంచీ చేతికిచ్చి వచ్చారు.

తప్పు కనబడితే ఆయన నోరు ఊరుకోదు. అగ్గిపెట్టె మీద బొమ్మలో ఓడకు ఒక గొట్టం ఎక్కువైందని కంపెనీకి ఉత్తరం రాశారు. పళ్ల డాక్టరు గోడ మీద పటం చూసి, అది యుద్ధనౌక కాదు, టార్పెడో పడవ అని తెరిచిన నోటితోనే చెప్పబోయారు. నొప్పి ఎక్కువైందనుకుని డాక్టరు ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తే తెలుస్తుంది.

మాతో ఉండే మా అమ్మకు ఉన్న గొప్ప ఒక్కటే, యుద్ధనౌకలో ఫిరంగి పేల్చిన తండ్రి. ఫోటోలో మా తాతగారు ఓడ మీద ఫిరంగి పక్కన, దాని మీద చెయ్యి వేసి నిలబడి ఉంటారు. ఇంటికి ఎవరొచ్చినా టీ కంటే ముందు ఆ ఫోటో వస్తుంది. మొన్న మ్యూజియం వాళ్లు, ఊళ్లో ఇళ్లలో ఉన్న నావికుల ఫోటోలు హాల్లో పెడతామని ప్రకటించేసరికి అమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. ఫోటో దించి, తుడిచి, అల్లుడి చేతిలో పెట్టింది. కింద ఓడ తరగతి రాయాల్సింది ఆయనే.

ఆయన రాయలేదు. వారం గడిచినా ఫోటో బల్ల మీద బోర్లా పడి ఉంది. అడిగితే భూతద్దం పగిలిందన్నారు. అది జేబులోంచి కనబడుతూనే ఉంది. అటు అమ్మ నా ప్రాణం తోడేస్తోంది. చివరికి నాకు ఒళ్లు మండింది. ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు వేసి, అగ్గిపెట్టె మీది ఓడకున్న పాటి విలువ మా తాత ఓడకు లేదా అని దులిపేశాను.

"అది యుద్ధనౌక కాదు," అన్నారు. "వాటి వెనకాల బొగ్గు తీసుకెళ్లే ఓడ. ఆయన చెయ్యేసింది ఫిరంగి మీద కాదు, బొగ్గు పైకెత్తే దూలం మీద."

ఎప్పుడు తెలిసిందని అడిగాను. సంబంధం మాట్లాడటానికి మా ఇంటికి వచ్చిన రోజే, గోడ మీద చూడగానే తెలిసిందన్నారు. పళ్ల డాక్టరును కూడా వదలని మనిషి, ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతి చుట్టానికీ అమ్మ ఆ కథ చెబుతుంటే, పక్కన కూర్చుని తల ఊపుతూ వచ్చారన్నమాట. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమిటి.

ఏదో ఒక తరగతి రాసి పారెయ్యండి, ఎవరు చూడొచ్చారు అన్నాను. మ్యూజియంలో అబద్ధం రాయలేనన్నారు. ఆవిడకు నిజం చెప్పలేనన్నారు. ఈలోగా తలుపు తెరుచుకుంది. అమ్మకు చెవుడు నిజమే, తనకు అక్కర్లేని మాటల వరకే.

"అయితే మా నాన్న ఫిరంగి పేల్చలేదా బాబూ?"

"లేదండీ అత్తయ్యగారూ. బొగ్గు మోశారు. అసలు ఆ బొగ్గే లేకపోతే..."

అమ్మ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంటికొచ్చినప్పుడు ఎంత రుద్దినా ఆయన చేతుల నలుపు పోయేది కాదు. నా గౌనుకి అంటుకుంటుందని ఎత్తుకునేవాడు కాదు. ఇదేంటి నాన్నా అంటే ఫిరంగి మందు అనేవాడు," అంది. "పసిపిల్లని. నా దగ్గర కూడా సిగ్గుపడ్డాడు, పిచ్చి నాన్న."

తర్వాత కళ్లు తుడుచుకుని, బొగ్గు ఓడ అనే రాయమని అల్లుడికి చెప్పింది.