మెరిసే బూట్లు

అయిదు ఆటల పోటీకి గుర్రాలు అద్దెకిచ్చే ఆ పెద్దమనిషికి శుభ్రమంటే పిచ్చి. తెల్లచొక్కా మీద గడ్డిపరక పడితే చచ్చిన పురుగును తీసినట్టు రెండు వేళ్లతో తీసి పారేస్తాడు. గుర్రాన్ని నిమరడు, పొరపాటున తగిలితే చెయ్యి కడుక్కుంటాడు. ఈత, పరుగు, కత్తిసాము, తుపాకీ గురి ఆటగాళ్ల సొంత బలం మీద నడుస్తాయి. అయిదోదైన స్వారీకి గుర్రం మాత్రం చీటీ తీస్తే వస్తుంది, ఒక్కోదాని మీద ఇద్దరు వంతులవారీగా ఎక్కుతారు. ఈరోజు నల్లగుర్రం కంచె దూకనని మొరాయిస్తే, మొదట ఎక్కినవాడు బూటు మడమకు కట్టుకున్న ఇనుప ముళ్లతో డొక్కలో పొడిచి పొడిచి దిగాడు. నెత్తురు కనబడితే ఆ గుర్రాన్ని పోటీ నుంచి తప్పించాలన్నది నియమం. పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, బూట్లకు రాసే నల్ల పాలిష్‌ను గుడ్డతో తీసి గాయం మీద రుద్దాడు.

రెండో వంతు అమ్మాయి వచ్చింది. "ఎందుకండీ ఇలా వణుకుతోంది?"

"హుషారమ్మా. ఎక్కు. ఆ అబ్బాయికిచ్చిందే నీకూ ఇచ్చాం. ఆటన్నాక అందరికీ సమానంగా ఉండాలిగా."

అమ్మాయి ఎక్కి వెళ్లింది. ఆయన వంగి అదే గుడ్డతో తన బూట్లు తుడుచుకున్నాడు. ఎడమ బూటు మీద ఎర్రటి చార పడింది. "ఛీ," అని ఉమ్మేసి, మళ్లీ రుద్దాడు. మైదానంలో గుర్రం కూలబడింది, జనం కేకలేశారు. ఆయన తలెత్తలేదు. బూటు ఇంకా మెరవలేదు.