మేడం నా తరఫున అడిగేవారు

మా బోటనీ మేడం పోయారు. గుండెపోటట. గుడివాడలో మా ఇంటికి ఆ కబురు నాన్న ఫోన్‌కొచ్చింది. నా పేరు పక్కన ఆవిడ రాసుకున్న నంబరు నాన్నదే మరి. "పాపం, మంచి మనిషి" అన్నారు నాన్న. టీ గ్లాసు కింద పెట్టి, "ఇంక ఆ ట్రైనింగ్ మాట లేదులే" అని కూడా అన్నారు.

ట్రైనింగంటే గడ్డిభూముల సర్వే. రాయలసీమలో, చెట్లు పలచగా, గడ్డి మోకాలెత్తున ఉండే నేలల్లో కొన్ని వారాలుండి నేర్చుకోవాలి. మేడం తోడొస్తేనే పంపుతానని నాన్న షరతు పెట్టారు. ఆవిడ సరేనన్నారు.

ఆ పనిలో ఓనమాలు ఆవిడ మాకు కృష్ణ సముద్రంలో కలిసే పాలకాయతిప్ప దగ్గర ఇసుకగడ్డిలో దిద్దించారు. ప్లాస్టిక్ పైపులతో చేసిన చదరాన్ని వెనక్కి తిరిగి విసరాలి. అది పడ్డచోట ఉన్న ప్రతి మొక్కా రాయాలి. పచ్చగా ఉన్నచోటికి గురిచూస్తే పట్టేసేవారు. ఒకసారి నాది ఉప్పు పేరిన బోడినేల మీద పడింది. ఏం లేదండీ అన్నాను. "నిలబడి చూస్తే నాకూ ఏం కనపడదమ్మా. కూర్చో" అన్నారు. కూర్చుంటే ఎండు దుబ్బులు, పీత బొరియ, గొర్రె పెంటికలు.

అక్కడ చాటుకి ఒక్క పొద లేదు. అందుకని ఆడపిల్లలం పొద్దున్నించీ నీళ్లు తాగేవాళ్లం కాదు. ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయాక మేడంకి సంగతి అర్థమైంది. మర్నాటి నుంచి సంచీలో పెడన కలంకారీ దుప్పటి తెచ్చేవారు. మగపిల్లల్ని కొంగల్ని లెక్కపెట్టమని ఏటిగట్టు వైపు తోలేసి, దుప్పటి ఒక కొస తనే పట్టుకుని అటు తిరిగి నిలబడేవారు. "గడ్డి పేర్లు తర్వాత, ముందు నీళ్లు తాగండే" అనేవారు.

వెళ్లిన ప్రతిసారీ నాన్నకి ఫోన్ చేసేది ఆవిడే. "అన్నయ్యగారూ, అమ్మాయి నా పక్కనే ఉంటుందండీ." ఎమ్మెస్సీ చదివిన నన్ను లైబ్రరీ పుస్తకంలా తీసుకెళ్లి, మళ్లీ అప్పజెప్పేవారు. ఎన్నాళ్లిలా అని ఒకసారి విసుక్కున్నాను.

"నేనున్నన్నాళ్లూ నేనడుగుతాను. తర్వాత నువ్వడుగు. ఏడవకు. ఏడిస్తే భయపడతారు, వివరాలు చెబితే ఆలోచిస్తారు."

బందరులో ఆవిణ్ని సాగనంపి వస్తూ బస్సులో నాన్నని నేనే అడిగాను. ఎక్కడ పడుకుంటాం, తోడెవరు, ఊరెంత దూరం, అన్నీ చెప్పాను. ఏడవలేదు. నాన్న సాంతం విన్నారు. "చూద్దాంలే" అన్నారు. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఔనుగా మారలేదు.

పామర్రులో జనం ఎక్కారు. నాన్న నన్ను కిటికీ వైపు జరిపి, తను ఇవతల కూర్చుని, నాకెవరూ తగలకుండా మోకాళ్లు అడ్డం పెట్టారు. బస్సు గుడివాడ రోడ్డెక్కింది. గట్ల మీద గడ్డి గాలికి వాలుతోంది. పేరు పట్టేలోపే వెనక్కి పోతోంది.