వేపచెట్టు మొదట్లో మట్టి

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా సందుకు ఉన్న ఒకే ఒక్క చెట్టు ఆ వేప. దాని నీడ పడే గోడకు మిట్టమధ్యాహ్నం చెంప ఆనించవచ్చు. సందు చివరి గోడను తాకితే చెయ్యి చురుక్కుమంటుంది. పూత కాలంలో తేనెటీగలు, పండ్ల కాలంలో గోరింకలు, కోకిలలు, ఏడాది పొడవునా ఉడతలు. ఒంటరిగా ఉండే నాకు కిటికీలోంచి పలకరింపంటే అవే.

సరుకు బళ్లు తిరగడానికి చెట్టు కొట్టేస్తామని కార్పొరేషన్ వాళ్లు అన్నప్పుడు ఇంటింటికీ వెళ్లి ఈ సంగతే చెప్పాను. అందరూ తల ఊపారు, ఎవరూ కదల్లేదు. కింది వాటాలో ఉండే శ్రీకాకుళం ముసలమ్మ మాత్రం వెళ్లి చెట్టు మొదలుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ కట్టింది. గొడ్డళ్లతో వచ్చినవాళ్లు దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయారు. చెట్టు బతికింది, నేను ఓడిపోయాను. రెండూ ఒకే ఉదయం జరిగాయి.

అమ్మవారు వెలిశాక గద్దె కావాలి కదా. మొదలుకు ఆనించి సిమెంటు పోసి పలకలు పరుస్తామన్నారు సందులోవాళ్లు. వాన నీరు వేళ్లకు దిగదనీ, చెట్టు నిలువునా ఎండిపోతుందనీ మొత్తుకున్నాను.

"అమ్మోరిని మట్టిలో కూకోమంటావేటి, మేస్టారూ?" అన్నాడు రేవులో పనిచేసే పొరుగాయన. "నువ్వు సెప్తే ఆగినాదా సెట్టు? అమ్మోరు సెప్తే ఆగినాది."

అందరూ నవ్వారు. ముసలమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మోరు కల్లోకొచ్చి ఊపిరాడతా నేదన్నాదని ఒక్క మాట సెప్పు బాబూ. నీ సొమ్మేటి పోద్ది?"

ఒక్క అబద్ధం చాలు, చెట్టు బతుకుతుంది. కానీ మరుసటి కలలో అమ్మవారు ఏమడుగుతుందో ఎవరు చెప్పగలరు? ఒక మనిషిని సందులోంచి వెళ్లగొట్టమంటే? ఒక కలను సాక్ష్యంగా ఒప్పుకున్నాక ఇంకే కలనూ కాదనలేం. చెప్పనన్నాను.

"అలగైతే నీ సెట్టు నువ్వే సూసుకో" అని ఆమె వెళ్లిపోయింది.

మేస్త్రీ సిమెంటు కలిపాక వెళ్లి, మొదలుకు ఆనుకుని మట్టిలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. "లేవండి దాదా, మాలు గట్టిపడిపోతుంది" అని ఆ బెంగాలీ మేస్త్రీ బతిమాలాడు. చుట్టూ చేరినవాళ్లు తిట్టారు, పిచ్చివాడన్నారు. నేను లేవలేదు. కలిపిన సిమెంటు ఎంతసేపు ఆగుతుంది? విసుగెత్తి, నన్ను వదిలేసి మిగతా మూడు వైపులా పోశాడు. నేను కూర్చున్న వైపు మట్టి మిగిలింది. ఆ కాస్త నేల చెట్టుకు చాలుతుందో లేదో నాకు తెలియదు.

అప్పటి నుంచి సందులో ఎవరూ నాతో మాట్లాడరు. సాయంత్రాలు గద్దె మీద చేరి, చల్లగా కబుర్లు చెప్పుకుంటారు. నేను దిగితే మాటలు ఆగిపోతాయి. ఈ ఏడాది చిగుళ్లు మట్టి ఉన్న వైపే దట్టంగా వచ్చాయి. అది మట్టి వల్లేనని ఇప్పుడే అనలేను. అయినా ఎవరికైనా చూపించాలనిపించింది. కిటికీ దగ్గర కాసేపు నిలబడి, దాని తలుపు రెక్కలు దగ్గరగా వేసుకున్నాను.